సాయం వచ్చినవాడి లెక్క

సిద్దిపేట



అల్లుడా, మీ అమ్మ మొన్న ఫోన్ చేసింది. చాలాసేపు మబ్బుల సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి మాట్లాడి, చివరికి మీ బాపు చెలక పంపకం మీద నువ్వు అన్న మాట చెప్పింది. "న్యాయం నా దిక్కే ఉన్నది, ఇగ ఎవరి బలమన్నా తీసుకుంట" అన్నావట. అందులో మొదటి సగం గురించి నీతో కొట్లాడను. మీ బాపు మంచాన పడ్డప్పుడు హైదరాబాద్ దవాఖానల చుట్టూ తిరిగింది నువ్వే. మీ అన్న అప్పుడు దుబాయిలో ఉన్నాడు. రాజీవ్ రహదారి పక్కన చెలకలో బోరు వేయించింది నీ జీతం పైసలతోనే. ఇవన్నీ నాకు ఎరుకే. నాకు నిద్ర పట్టనియ్యనిది నీ మాటలో రెండో సగం.

ఫోన్లో చెప్తే నడుమల నువ్వు అందుకుంటావు, నేను గొంతు పెంచుతాను. అందుకే రాస్తున్నా. కూర్చొని, మొత్తం చదువు.

ఒక ఇంటి కథ చెప్తాను. మన పెద్దలు ఏ రాజ్యం కింద పుట్టి పెరిగినరో, ఆ నిజాముల ఇంటి కథ. మొదటి నిజాం అసఫ్‌జా 1724లో శక్కర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను ఓడించి దక్కన్‌ను చేతిలోకి తెచ్చుకున్నాడు. 1748 జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో కన్నుమూశాడు. ఆరుగురు కొడుకులు. పెద్దవాడు ఘాజీఉద్దీన్ ఢిల్లీలో బాదుషా కొలువులో ఉన్నాడు. రెండోవాడు నాసిర్ జంగ్, 1741లో తండ్రి మీదనే తిరగబడి, ఓడి, క్షమాభిక్ష పొందినవాడు. తండ్రి పోయేనాటికి పక్కన ఉన్నది ఇతనే కాబట్టి ఖజానా, సైన్యం ఇతని చేతికి వచ్చాయి. వీళ్లు కాక కూతురి కొడుకు ముజఫర్ జంగ్. తాత తన పేరే చెప్పిపోయాడన్నది ఇతని వాదన. పెద్ద కొడుక్కే గద్దె అన్న కట్టుబాటు ఆ ఇంట్లో లేదు. తీర్పు చెప్పవలసిన ఢిల్లీని 1739లో నాదిర్ షా దోచుకుపోయి తొమ్మిదేండ్లే అయింది, దాని మాట ఎవరు వింటారు? కాబట్టి ఎవరి న్యాయం వాళ్ల దిక్కే ఉన్నది.

ముజఫర్ జంగ్‌కు సైన్యం లేదు. అప్పుడే ఆర్కాటు నవాబుగిరీ కోసం కాచుకొని ఉన్న చందా సాహెబ్ కలిశాడు. ఆయన వెనుక పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ల గవర్నర్ డూప్లే. ముగ్గురికీ పొత్తు కుదిరింది. 1749 ఆగస్టులో అంబూరు దగ్గర ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్‌ను చంపేశారు. నాసిర్ జంగ్ ఊరుకుంటాడా? పెద్ద దండుతో దక్షిణానికి దిగాడు. ఇంగ్లీషు కంపెనీ మనుషులు కొందరు ఆయన శిబిరానికి చేరారు. అటు ఫ్రెంచి, ఇటు ఇంగ్లీషు. మామ, మేనల్లుడు ఇద్దరూ గమనించని సంగతి ఒకటున్నది. ఆ ఇద్దరు వర్తకులూ ఈ ఇంటి మంచి కోరి రాలేదు.

1750లో మేనల్లుడు మామకు లొంగిపోయాడు, సంకెళ్లలో పడ్డాడు. నాసిర్ జంగ్ గెలిచానని అనుకున్నాడు. ఆయన వెంట వచ్చిన కడప, కర్నూలు పఠాను నవాబులు మాత్రం లోలోపల డూప్లేతో ఉత్తరాలు నడుపుతున్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో జింజీ దగ్గర ఫ్రెంచివాళ్లు శిబిరం మీద పడ్డారు. నాసిర్ జంగ్ ఏనుగెక్కి, సాయం చేస్తారని నమ్మి ఆ నవాబుల దిక్కే పోయాడు. వాళ్ల దిక్కు నుంచే తుపాకీ పేలింది. ఆ రోజే సంకెళ్లు తీసి ముజఫర్ జంగ్‌ను ఏనుగెక్కించారు.

పాండిచ్చేరిలో పెద్ద ఉత్సవం జరిగింది. డూప్లేకు కృష్ణ నుంచి కన్యాకుమారి దాకా అధికారం అన్నారు. మచిలీపట్నం ఫ్రెంచివాళ్లకు రాసిచ్చారు. తర్వాత లెక్క అడిగే వంతు పఠాను నవాబులది. మేము లేకపోతే నీకు గద్దె ఎక్కడిది, మా వాటా ఏది అన్నారు. ఇచ్చినది వాళ్లకు సరిపోలేదు. 1751 ఫిబ్రవరిలో దండు హైదరాబాద్ దిక్కు పోతుండగా, రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లెలో తిరగబడ్డారు. ఆ కొట్లాటలో ముజఫర్ జంగ్ చచ్చిపోయాడు. గద్దెనెక్కి రెండు నెలలు నిండలేదు. అతన్ని గద్దెనెక్కించిన చేతులే అతన్ని చంపాయి.

అల్లుడా, ఇక్కడ ఆగి ఒకసారి ఆలోచించు. ఫ్రెంచి సేనాని బుస్సీ అప్పుడు ఏం చేశాడో తెలుసా? చచ్చిపోయినవానికి పసికొడుకు ఉన్నాడు. ఆ పసివాడిని పక్కన పెట్టి, అదే శిబిరంలో బందీగా ఉన్న అసఫ్‌జా మరో కొడుకు సలాబత్ జంగ్‌ను పట్టుకొచ్చి నిజాం అన్నాడు. న్యాయం ఎవరి దిక్కు ఉన్నది అన్న ప్రశ్న అప్పటికే ముగిసిపోయింది. ఎవరు తమకు పనికొస్తారన్నదే మిగిలింది. బయటివాడి చేతిలో నీ హక్కు పెడితే, నీ హక్కు అతని వస్తువు అవుతుంది. నువ్వు పనికిరాకపోతే మీ అన్నను పట్టుకుంటాడు, అంతే.

పెద్ద కొడుకు ఘాజీఉద్దీన్ 1752లో ఢిల్లీ నుంచి తన వాటా అడగడానికి ఔరంగాబాద్ వచ్చాడు. విందు తిన్నాక చనిపోయాడు. విషం పెట్టారనే లోకం అనుకున్నది.

సలాబత్ జంగ్‌ను కాపాడటానికి ఫ్రెంచి పటాలం హైదరాబాద్‌లో దిగింది. పటాలానికి నెల నెలా జీతాలు కావాలి. ఖజానాలో పైసలు లేవు. 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను జీతాల కింద రాసిచ్చాడు. కోస్తాలో బంగారం పండే నేల, జీతం బాకీ కింద పోయింది. ఆ సర్కార్లలో శిస్తు రాబట్టుకోవడానికే బుస్సీ ఉత్తరాన విజయనగరం దాకా పోయాడు. అక్కడ పూసపాటి విజయరామరాజుకు బొబ్బిలితో పాత పగ. ఆయనా నీలాగే అనుకున్నాడు, ఈ బలం నాకు దొరికింది కదా అని. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మంటల్లో పడింది. ఆడవాళ్లు, పిల్లలు కోటలోనే ప్రాణాలు విడిచారు. రోజులు తిరగకముందే తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. బొబ్బిలి బుర్రకథ చిన్నప్పుడు మా ఇంట్లో రాత్రంతా విని నువ్వు ఏడ్చావు. ఆ ఫిరంగులు అక్కడి దాకా ఎందుకు వచ్చినయని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. హైదరాబాద్‌లో ఒక ఇంటి అన్నదమ్ములు తెచ్చుకున్న సాయం వల్ల వచ్చినయి.

మిగతాది తొందరగా చెప్తా. 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లను ఓడించారు. 1759లో మచిలీపట్నం పట్టుకున్నారు. ఫ్రెంచివాళ్లకు సాయం పోయిన సలాబత్ జంగ్, ఆ వెంటనే ఇంగ్లీషువాళ్లతోనే ఒప్పందం రాసుకున్నాడు. తమ్ముడు నిజాం అలీ అతన్ని గద్దె దింపి బీదరు కోటలో పెట్టాడు. 1763లో అక్కడే చచ్చిపోయాడు. ఇగ గెలిచింది నిజాం అలీ. గెలిచినవాడు ఏం నిలబెట్టుకున్నాడో చూడు. 1766లో, 1768లో సర్కార్లు ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. 1788లో గుంటూరు పోయింది. 1800లో, టిప్పు మీద యుద్ధాల్లో తన వాటాగా వచ్చిన బళ్లారి, కడప సీమలు కూడా కంపెనీ పటాలం ఖర్చు కింద పోయినయి. ఆ సీమలనే దత్త మండలాలు అంటారు. తండ్రి ఒక్కడే సంపాదించిన నేలలో ఎంతో భాగం, గెలిచిన కొడుకు చేతి సంతకంతోనే పోయింది.

ఇది మన దగ్గరి కథ మాత్రమే అనుకోకు. చెంగిజ్ ఖాన్ మనవడు మోంగ్కే 1259లో చనిపోతే, 1260లో అతని తమ్ముళ్లు ఇద్దరు వేర్వేరు సభలు పెట్టి ఇద్దరూ ఖానులమే అన్నారు. కుబ్లాయ్ చైనా దిక్కు, అరిఖ్ బోకే కారాకోరంలో. కారాకోరంకు తిండిగింజలు చైనా నుంచే పోయేవి. కుబ్లాయ్ ఆ దారి మూసేశాడు. ఆకలికి తాళలేక అరిఖ్ బోకే, గింజలు, గుర్రాలు పోగుచేసి పంపమని తన మనిషి అల్గూను మధ్య ఆసియాకు పంపాడు. అల్గూ అవన్నీ పోగుచేసుకొని తానే ఉంచుకున్నాడు, పైగా కుబ్లాయ్ పక్షం చేరాడు. 1264లో తమ్ముడు వచ్చి అన్న కాళ్ల ముందు నిలబడ్డాడు. న్యాయం ఎవరిదని అన్న అడిగితే, అప్పుడు మాది, ఇప్పుడు నీది అన్నాడని పాత చరిత్రకారులు రాశారు. ఆ జవాబు చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఎక్కడ చదివానో చెప్తా. మీకెవరికీ చెప్పని సంగతి ఇది. మీ అమ్మకు తెలుసు, ఆమె చెప్పదు.

మీ తాతకూ చిన్నతాతకూ నడుమ ఒక మోటబాయి ఉండేది. ఇద్దరి మడులకూ దాని నీళ్లే. మోట కొట్టినన్నాళ్లు వంతుల మీద ఏ పంచాయితీ లేదు. కరెంటు మోటరు వచ్చినాక, మీటరు ఎవరి పేరు మీద అన్న దగ్గర మొదలైంది. తర్వాత గెట్టు జరిపాడని ఒకరు, నీళ్లు మళ్లించాడని ఒకరు. ఊరి పెద్దమనుషులు రెండుసార్లు కూర్చోబెట్టారు. మీ తాత వినలేదు. పక్క ఊరి ఆసామి ఒకాయన ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చొని, "నీ దిక్కు న్యాయం ఉన్నది, ఖర్చు సంగతి నాకు వదిలేయ్" అన్నాడు. నేను గడపలో నిలబడి విన్నా. నాకెంతో సంతోషమైంది. మా బాపు వెనుక ఒక పెద్ద మనిషి నిలబడ్డాడని.

కేసు సంగారెడ్డిలో నడిచింది. వాయిదా ఉన్న రోజు సిద్దిపేటలో బస్సెక్కి బాపు వెంట నేనే పోయేవాణ్ణి. ఇంటర్ నడుమనే ఆగిపోయింది. బాపు కోర్టు అరుగు మీద కూర్చుంటే, నేను పోయి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. నిజాముల కథ, మంగోలుల కథ, అన్నీ అక్కడే చదివినయి. ఏండ్లు గడిచినయి. వాయిదా ఖర్చులకు ఆసామి పైసలిచ్చినప్పుడల్లా ప్రోనోటు మీద బాపు సంతకం తీసుకునేవాడు. బాపు చదవకుండనే పెట్టేవాడు. సాయం వచ్చినవాణ్ణి అనుమానించడం తప్పని అనుకునేవాడు.

తీర్పు మన దిక్కే వచ్చింది. ఊర్లో కొబ్బరికాయ కొట్టినం. నెల తిరగకముందే ఆసామి ప్రోనోట్ల కట్ట తెచ్చి గద్దె మీద పెట్టాడు. అసలు, వడ్డీ, వడ్డీకి వడ్డీ. బాయి, బాయి కింద మడి ఆయన పేరు మీదికి పోయినయి. మీ అమ్మ పెండ్లికని దాచిన బంగారం మిగిలిన వడ్డీకి పోయింది. మీ అమ్మ ఒక్క సిద్దిపేట గొల్లభామ చీరతో అత్తింటికి పోయింది, ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. చిన్నతాత పోయిన రోజు మీ తాత ఇల్లు కదలలేదు. ఆ మడిలో ఇప్పుడు ఎవరెవరివో ప్లాట్లు. నువ్వు ఆ దారిన బండి మీద పోతుంటావు, అది మనదని నీకు ఎవరూ చెప్పలేదు.

చదువు ఆగిపోయినంక, నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందట బల్ల వేసుకొని దస్తావేజులు రాయడం మొదలుపెట్టా. ఇన్నేండ్లలో అమ్మకాలు రాసినప్పుడు ఏమనిపించలేదు. అన్నదమ్ముల కాగితాలు రాసినప్పుడే చేయి ఆగేది. ముఖ్యంగా ఆడబిడ్డల హక్కు విడుదల కాగితాలు. బతుకమ్మకు పుట్టింటికి రావాలంటే ఈ సంతకం పెట్టాలని వదినలు చెప్పి పంపితే, కండ్లు తుడుచుకుంట వేలిముద్ర వేసిన బిడ్డలను ఎందరినో చూసిన.

ఇప్పుడు కాలం మరీ చెడ్డది. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయింది, మంచిదే. 2023లో రైలు వచ్చింది, మంచిదే. చెలకను గజాల్లో కొలవడం మొదలైన నాటి నుంచి మాత్రం మనుషుల కండ్లు మారినయి. గుంటకు ఇంత అని మాట్లాడినప్పుడు నేల కనపడేది. గజానికి ఇంత అంటే పైసలే కనపడుతున్నయి. మల్లన్నసాగర్ ముంపులో ఊర్లు పోయిన వాళ్ల దుఃఖం వాళ్లకుంటే, ఆ పరిహారం పైసల దగ్గర తండ్రీకొడుకులు మాట్లాడుకోకుండా పోయిన ఇండ్లు నేను చూసిన. చాయ హోటల్లో కూర్చుంటే పక్క బల్ల మీద ఎవరో ఒకరి అన్నదమ్ముల తగాదా బేరానికి పెట్టి ఉంటది. తగాదాలున్న భూమి చవుకగా వస్తదని వెతికి పట్టుకునేవాళ్లు తయారైనరు. ఎవరి ఇంట్లో ముసలాయన పోయిండు, ఎవరి కొడుకులకు పడటం లేదు, వాళ్లకు మనకంటే ముందు తెలుస్తది. పెద్దమనుషులు కూడా పంచాయితీల ఫోను చూసుకుంట కూర్చుంటున్నరు.

నీ వెనుక తిరుగుతున్న తెల్ల కారు మనిషి సంగతి నాకు తెలుసు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన మీ అన్నను ఫోన్లో బెదిరించిన సంగతి కూడా తెలుసు. అది నీకు తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా అని అడగను.

ఇప్పుడు పని మాట. సూటిగా చెప్తా.

బయానా కింద ఆయన దగ్గర ఎంత తీసుకున్నావో నాకు నిజం చెప్పు. జీపీఏ మీద గాని, అమ్మకం ఒప్పందం మీద గాని, ఖాళీ స్టాంపు కాగితం మీద గాని సంతకం పెట్టావా? పెట్టకపోతే ఈ రోజు నుంచి దేని మీదా పెట్టకు. పెట్టి ఉంటే దాచకు. పైసలు తీసుకొని ఇచ్చిన జీపీఏను నీ ఒక్కడి ఇష్టం మీద రద్దు చేయడం అంత సులువు కాదు, ఆయన సంతకం కూడా కావాల్సి వస్తది. బయానా పైసలు బ్యాంకు ద్వారానే తిరిగి పంపు, చేతికి ఇవ్వకు. చాలకపోతే నేను సర్దుతా. నీ దగ్గర ప్రోనోటు రాయించుకోను.

మీ బాపు వీలునామా రాయలేదు. ఆ చెలక ఆయన స్వార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అందులో సమానంగా నాలుగు వాటాలు. మీ అమ్మ, మీ అక్క, మీ అన్న, నువ్వు. నువ్వూ మీ అన్నా ఇద్దరూ రెండు ముక్కల లెక్కనే మాట్లాడుకుంటున్నరు. అమ్మను, అక్కను ఎవరూ అడిగినట్టు లేదు. ముందు ఆ తప్పు దిద్దుకోవాలె. అక్క తనకు వద్దంటే అది ఆమె ఇష్టం. ఆమెను అడిగేది నేను, నువ్వు కాదు, మీ అన్న కాదు.

మొదట పౌతీ, అంటే వారసుల పేర్లకు పట్టా మార్పు. భూ భారతి పోర్టల్‌లో నలుగురి పేర్ల మీదా దరఖాస్తు పెట్టాలె. వారసులందరికీ నోటీసు పోతది. తహసీల్దార్ దగ్గర నలుగురూ ఒకే మాట చెప్తే పని తొందరగా అయిపోతది. తర్వాత సర్వేయరును పిలిచి కొలిపించి నక్ష గీయిద్దాం. రోడ్డు ముఖం ఒకరికి, వెనుక భాగం ఒకరికి అని పంచితే మళ్లీ కొట్లాటే. రోడ్డు నుంచి లోపలి దాకా నిలువు చీలికలు చేయాలె, అందరికీ రోడ్డు రావాలె. బోరు ఎవరి చీలికలో పడ్డా, నీళ్ల వంతు, కరెంటు బిల్లు ఎట్లనో పంపకం దస్తావేజులోనే రాయిస్తా. నోటి మాట మీద వదిలేస్తే ఏమైతదో పైన రాసిన. అది వ్యవసాయ భూమి కాబట్టి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గరే అయితది.

బోరు ఖర్చు, దవాఖాన ఖర్చు నీకు రావలసినవే. పంపకానికి ముందు ఆ లెక్క తేల్చి, మీ అన్న వాటా ఎంతనో అతను ఇయ్యాలె. నేను మీ అన్నతో మాట్లాడిన. కోపంగా ఉన్నాడు గాని, దవాఖాన లెక్క కాదనలేదు. నువ్వు ఒక్కసారి కూడా ఆ లెక్క కాగితం మీద పెట్టి అతనికి చూపించలేదట. అది చూపించు.

మీ అన్న ఒప్పుకోకపోతే కూడా కోర్టులో దావా వేయకు. సిద్దిపేట కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి అవార్డు అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. దానికి ఎవరి బలమూ అవసరం లేదు.

వచ్చే ఆదివారం పొద్దున మా ఇంటికి రా. మీ అన్నకు, అక్కకు చెప్పిన, అమ్మను నేనే పోయి తీసుకొస్తా. బాపు మరణ ధ్రువపత్రం, పాత పట్టాదారు పాసుబుక్కు, అందరి ఆధార్ కాగితాలు, దవాఖాన బిల్లులు, బోరు రసీదు తీసుకురా. బోరు రసీదు దొరకకపోతే బోరు వేసినవాని ఫోను నంబరు తెచ్చుకో, నేను మాట్లాడి రాయించుకుంటా. బయానా ఎంతనో ఆ రోజు దాకా ఆగకు, ఈ ఉత్తరం అందిన రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పు. ఎంత రాత్రయినా పర్వాలేదు.

మీ మామ